భౌతికశాస్త్రజ్ఞుని విద్యాయాత్ర

బడిచదువు ముగించిన కుర్రవానికి లెక్కలలోను, సైన్సులోను మంచి మార్కులు వచ్చినవంటే ఇంటిల్లిపాదికీ ధైర్యం కలుగుతుంది. ఇంజనీరు కావచ్చును, వైద్యుడు కావచ్చును, సర్కారు ఉద్యోగపు పరీక్షలకు కూర్చొనవచ్చును. ఆ కుర్రవాడే, ‘నేను భౌతికశాస్త్రం చదివి పరిశోధన చేస్తాను’ అన్నాడనుకొండి, ఇంటిలో మాటలు కొంత తగ్గుతవి. ఆ మార్గం ఎక్కడికి పోతుందో, ఎన్నేండ్లు పడుతుందో, తుదకు అన్నం పెడుతుందో లేదో పెద్దలకు తెలియదు. చెప్పి ఒప్పించడం పిల్లవానికీ చేతకాదు.

ఆ మార్గం ఎట్టిదో తెలియవలెనంటే, ఎవరైనా ఒక్కరి చదువును మొదటినుండి తుదివరకు గమనించడమే మేలు. అందుకు సుబ్రహ్మణ్య చంద్రశేఖర్ చదువును ఎన్నుకొన్నాను. 1983లో నోబెల్ బహుమానం పొందిన మహనీయుడాయన. అయినా ఈ ప్రసంగంలో మనకు కావలసినవాడు పందొమ్మిదేండ్ల విద్యార్థి. కనుక ‘అతడు’ అనే అంటాను. పెద్దలు మన్నింతురు గాక.

చంద్రశేఖర్ 1910 అక్టోబరు 19న లాహోరులో జన్మించినాడు. తండ్రి సుబ్రహ్మణ్య అయ్యరు రైల్వే లెక్కల శాఖలో ఉన్నతోద్యోగి. తల్లి సీతాలక్ష్మి బడిచదువు ఎక్కువ లేకున్నా, ఇబ్సెన్ నాటకాన్ని తమిళంలోకి అనువదించిన విదుషీమణి. 1918లో కుటుంబం మద్రాసుకు వచ్చినది. ఆనాడు తమిళులకువలెనే మన ఆంధ్రులకు కూడ ఉన్నత విద్యకు ఆ నగరమే పెద్ద దిక్కు. పన్నెండవ ఏడు వచ్చేవరకు అతని చదువంతా ఇంటిలోనే. తండ్రి కచేరీకి పోకముందు ఇంగ్లీషు, లెక్కలు చెప్పేవాడు. తల్లి తమిళం నేర్పేది. 1920 ఏప్రిల్‌లో ఒకనాడు ఆ తల్లియే పత్రికలో వచ్చిన వార్త చెప్పినది: రామానుజన్ అనే గొప్ప గణితవేత్త మరణించినాడని. మద్రాసులో గుమాస్తాగా ఉండినవాడు కేంబ్రిడ్జికి పోయి అంతవాడైనాడన్న సంగతి ఆ తొమ్మిదేండ్ల బాలుని మనస్సులో నాటుకొన్నది. ఆ వార్త విన్నది మొదలు శాస్త్రం వైపు మనస్సు మళ్ళినదని పెద్దవాడైన తరువాత అతడే చెప్పుకొన్నాడు.

1922లో తిరువళ్ళిక్కేణి హిందూ హైస్కూలు, 1925లో ప్రెసిడెన్సీ కళాశాల. అక్కడ మొదటి చిక్కు వచ్చినది. కుర్రవానికి గణితంలో ఆనర్సు చదవవలెనని కోరిక. తండ్రికి కొడుకు ఐ.సి.యస్. పరీక్షకు కూర్చొనవలెనని కోరిక. ఆ పరీక్షకు భౌతికశాస్త్రం మేలని తండ్రి భావన. ఆ ఇంటిలో భౌతికశాస్త్రం కొత్త కాదు, సర్ సి. వి. రామన్ సుబ్రహ్మణ్య అయ్యరుకు స్వయాన తమ్ముడు. తుదకు చంద్రశేఖర్ భౌతికశాస్త్రంలో చేరినాడు గాని, గణితశాఖలో జరిగే ఉపన్యాసాలకు పోయి కూర్చునేవాడు. ఐ.సి.యస్. మాట క్రమంగా వెనుకబడ్డది. నీకు నచ్చినదే చేయుమని తల్లి వెనుక నిలువడం అందుకు చాలవరకు కారణం.

1928 ఫిబ్రవరిలో కలకత్తాలో రామన్ తన పేర ప్రసిద్ధమైన కాంతి ప్రభావాన్ని కనుగొన్నాడు. ఆ యేడే మన తెలుగువారైన సూరి భగవంతంగారు నిజాం కళాశాలలో పట్టభద్రులై రామన్ ప్రయోగశాలలో చేరినారు. చంద్రశేఖర్ కూడ ఆ వేసవి కలకత్తాలో గడిపినాడు. కాని పరికరాలతో పని అతనికి పట్టుబడలేదు. కాగితం, కలం, పుస్తకం ఇవే అతని ప్రయోగశాల.

ఆ శరదృతువులో జర్మనీనుండి ఆర్నాల్డ్ సోమర్‌ఫెల్డ్ మద్రాసుకు వచ్చి ప్రెసిడెన్సీ కళాశాలలో ఉపన్యసించినాడు. పరమాణు నిర్మాణాన్ని గూర్చి ఆయన వ్రాసిన పెద్ద గ్రంథాన్ని చంద్రశేఖర్ అప్పటికే ఆమూలాగ్రం చదివి ఉన్నాడు. మరునాడు ఆయన దిగిన హోటలుకు ఒంటరిగా పోయి ఆ మాట చెప్పినాడు. మెచ్చుకొంటాడనుకొంటే, ఆ ప్రొఫెసరు చల్లగా చెప్పిన సంగతి వేరు: నీవు చదివిన పుస్తకం అచ్చయిన తరువాత భౌతికశాస్త్రం పూర్తిగా మారిపోయినది, హైసెన్‌బర్గ్, ష్రోడింగర్, డిరాక్ మొదలైన యువకులు దానికి కొత్త పునాదులు వేసినారు, నీ చదువు పాతబడినది. పదునెనిమిదేండ్లవాని ఉత్సాహంమీద నీళ్ళు చల్లడానికి ఇంతకంటె ఏమి కావలెను? కాని సోమర్‌ఫెల్డ్ అంతటితో పంపివేయలేదు. లోహాలలోని ఎలక్ట్రాన్లను గూర్చి తాను కొత్త సిద్ధాంతం ప్రకారం వ్రాసిన వ్యాసపు ప్రూఫు కాగితాలను, ఇంకా ప్రచురణ కానివాటిని, ఆ కుర్రవాని చేతికిచ్చినాడు. తన జీవితంలో అంత ముఖ్యమైన సంఘటన మరొకటి లేదని చంద్రశేఖర్ తరువాత అనేవాడు.

ఆ కాగితాలను పట్టుకొని కొన్ని నెలలలోనే అతడు స్వంతంగా ఒక వ్యాసం వ్రాసి, 1929 జనవరిలో కేంబ్రిడ్జిలోని ఆర్. హెచ్. ఫౌలర్‌కు పంపినాడు. ఫౌలర్ కొన్ని మార్పులు సూచించి దానిని రాయల్ సొసైటీ పత్రికలో వేయించినాడు. ముఖపరిచయం లేని మద్రాసు విద్యార్థి ఉత్తరానికి అట్టి గౌరవం దక్కడం ఈనాటికీ ఆశ్చర్యమే. 1930లో ఇండియా ప్రభుత్వం మూడేండ్ల విద్యార్థివేతనం మంజూరు చేసినది. కళాశాల ప్రిన్సిపాలు ఫైసన్ దానికి ఎంతో పాటుపడ్డాడు.

అదే సమయాన తల్లికి జబ్బు ముదిరినది. తిరిగి వచ్చేసరికి ఆమె ఉండదేమోనని అందరికీ తెలుసు. బంధువులు పోవద్దన్నారు. ఆమె మాత్రం పోయితీరవలెనని పట్టుపట్టినది. 1930 జూలై 31న చంద్రశేఖర్ బొంబాయిలో ‘పిల్స్‌నా’ అనే ఇటాలియన్ ఓడ ఎక్కినాడు. మరుసటి సంవత్సరం మే నెలలో ఆమె మరణించినది. కొడుకు మరల ఆమెను చూడలేదు.

ఏడెను చేరేవరకు సముద్రం అల్లకల్లోలంగా ఉన్నది. తరువాత నీరు తేటపడ్డది. కుర్రవాడు డెక్కుమీద కుర్చీలో కూర్చుని ఒక లెక్క మొదలుపెట్టినాడు. ఆ లెక్కను కొంచెం నిదానంగా చూడవలెను.

ఆకాశంలో మనకు కనబడే నక్షత్రాలన్నిటిలోను మిక్కిలి ప్రకాశవంతమైనది లుబ్ధకం. ఇంగ్లీషులో సిరియస్ అంటారు. దాని ప్రక్కన ఒక చిన్న చుక్క ఉన్నది. 1862లో అమెరికాలో ఆల్వన్ క్లార్క్ దుర్భిణి అద్దాన్ని పరీక్షిస్తూ దానిని మొదట చూచినాడు. ఈ చుక్క బరువు ఇంచుమించు మన సూర్యుని బరువంత. పరిమాణం మాత్రం ఇంచుమించు మన భూమి అంత. అనగా అందులోని పదార్థం ఒక ఘన సెంటీమీటరు రెండు టన్నులకు మించి తూగుతుంది. ఇట్టి తారలకు శ్వేతకుబ్జాలని పేరు. ఇంధనం హరించుకొనిపోయిన నక్షత్రం తన బరువుకు తానే క్రుంగి ఈ స్థితికి వస్తుంది. మరి ఇంకా క్రుంగిపోకుండ దానిని ఆపునదేది?

1926లో దీనికి సమాధానం చెప్పినవాడు ఫౌలరే. సంగీతసభలో కచేరీకి పోయినట్లు ఊహించండి. ఒక కుర్చీలో ఒక్కరే కూర్చొనవలెను. క్రింది వరుసలు నిండితే తరువాత వచ్చినవారు మీది వరుసలకు ఎక్కవలసినదే. ఎలక్ట్రాన్ల న్యాయం కూడ ఇదే: ఒక స్థితిలో ఒక్కటే ఉండగలదు. ఇక హాలు గోడలను నాలుగు ప్రక్కలనుండి లోపలికి నెట్టినామనుకొండి. వరుసకు కుర్చీలు తగ్గుతవి. జనం మరింత మీదికి ఎక్కక తప్పదు. మీది వరుస అనగా ఎలక్ట్రానుకు ఎక్కువ వేగం. నక్షత్రం ఎంత క్రుంగితే లోపలి ఎలక్ట్రాన్లు అంత వేగంగా పరుగెత్తి బయటికి అంత గట్టిగా నెట్టుతవి. వేడిమి చల్లారినా ఈ ఒత్తిడి చల్లారదు.

ఇప్పుడు కొంచెం అంకెలు. నక్షత్రపు వ్యాసార్ధం సగమైతే అందులోని పదార్థం ఎనిమిది రెట్లు చిక్కనవుతుంది. దాని బరువును మోయడానికి కావలసిన ఒత్తిడి 16 రెట్లు పెరుగుతుంది. ఫౌలర్ లెక్క ప్రకారం ఎలక్ట్రాన్ల ఎదురొత్తిడి 32 రెట్లు పెరుగుతుంది. కావలసినది 16, ఉన్నది 32. కనుక ఎంతటి నక్షత్రమైనా ఎక్కడో ఒకచోట నిలువవలసినదే. ప్రతి నక్షత్రమూ శ్వేతకుబ్జమై శాంతిస్తుందని అందరూ తృప్తిపడ్డారు.

ఓడలోని విద్యార్థికి తోచినది చిన్న సందేహం. నక్షత్రగర్భంలో ఎలక్ట్రాన్ల వేగమెంత? లెక్కవేసి చూచినాడు, కాంతివేగానికి చేరువలో ఉన్నది. ఐన్‌స్టీన్ సాపేక్షతా సిద్ధాంతం ప్రకారం కాంతివేగాన్ని ఏదీ మించలేదు. మీది వరుసలకు ఎక్కినకొద్దీ వేగం పెరుగుతుందన్న మాట అక్కడ చెల్లదు. ఆ సవరణ చేసి తిరిగి గుణించగా, 32 రెట్లు పెరుగవలసిన ఒత్తిడి 16 రెట్లు మాత్రమే పెరుగుతున్నది. కావలసినదీ 16, ఉన్నదీ 16. నక్షత్రం ఎంత క్రుంగినా అదనపు బలమేమీ చేకూరదు. కనుక బరువు ఒక హద్దు దాటిన నక్షత్రాన్ని ఈ ఒత్తిడి ఎన్నటికీ నిలుపలేదు. 1931లో అచ్చయిన వ్యాసంలో అతడిచ్చిన హద్దు సూర్యుని బరువులో 0.91 వంతు. నక్షత్రంలోని పదార్థాన్ని గూర్చి మంచి వివరాలు తెలిసిన తరువాత అది సుమారు 1.4 రెట్లుగా స్థిరపడ్డది. దానినే ఈనాడు చంద్రశేఖర్ అవధి అంటున్నారు.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే న్యాయం కాదు. సాపేక్షతను ఈ ప్రశ్నలోకి తెచ్చినవాడు అతడొక్కడే కాడు. ఎస్తోనియాలో ఆండర్సన్, ఇంగ్లండులో స్టోనర్ 1929–30 ప్రాంతంలో ఇదే దారి త్రొక్కినారు. ఆ సంగతి ఓడలో కూర్చున్నవానికి తెలియదు. నక్షత్ర నిర్మాణ సిద్ధాంతంలో ఈ హద్దును సరియైన చోట నిలిపి, తుదివరకు దానిని విడువక పట్టుకొన్నవాడు మాత్రం అతడే.

ఆగస్టు 19న లండను చేరినాడు. కేంబ్రిడ్జి ట్రినిటీ కళాశాలలో ఫౌలర్ వద్ద శిష్యుడుగా చేరి రెండు వ్యాసాలు చేతికిచ్చినాడు. మొదటిదానిని ఫౌలర్ మెచ్చుకొన్నాడు. హద్దును గూర్చిన రెండవది ఆయనకు అంతగా పట్టలేదు. మిల్న్ అనే జ్యోతిర్భౌతికవేత్తకు చూపినా ప్రయోజనం కలుగలేదు. నెలలు గడచినవి. విసిగి కుర్రవాడు దానిని అమెరికాలోని పత్రికకు పంపుకొన్నాడు.

మద్రాసులో అందరికంటె ముందున్నవాడు కేంబ్రిడ్జిలో అందరిలో ఒక్కడైనాడు. చుట్టూ డిరాక్, రూథర్‌ఫర్డ్, ఎడింగ్టన్. తానేమీ సాధించడంలేదన్న దిగులు. 1931 వేసవి గొట్టింగెన్‌లో మాక్స్ బార్న్ దగ్గర గడిపినాడు. డిరాక్ సలహామీద మూడవ యేడు కోపెన్‌హాగెన్‌లో నీల్స్ బోర్ సంస్థలో గడిపినాడు. అక్కడ చేపట్టిన సమస్య ఒకటి తప్పుదారి పట్టి, వ్రాసిన వ్యాసాన్ని వెనుకకు తీసుకోవలసివచ్చినది. గడువు దగ్గరపడుతున్నది, విద్యార్థివేతనం అయిపోవస్తున్నది. తనచుట్టూ తాను తిరిగే వాయుగోళాల ఆకృతిని గూర్చి చేసిన పనిని సిద్ధాంతవ్యాసంగా కూర్చి సమర్పించినాడు. ఫౌలర్, ఎడింగ్టన్ పరీక్షకులు. 1933 వేసవిలో డాక్టరేటు చేతికి వచ్చినది.

శ్రోతలు ఒక విషయం గమనించవలెను. అతని పేరు నిలిపిన లెక్క డాక్టరేటు చదువు మొదలుకాకముందే పుట్టినది. డాక్టరేటు వచ్చినది మరొక పనికి. పిహెచ్.డి. అంటే గొప్ప సత్యాన్ని కనుగొన్నందుకిచ్చే బిరుదమని మన ఇండ్లలో చాలమంది భావన. కాదు. ఒక సమస్యను ఎవరి ఊతమూ లేకుండ తుదిముట్ట సాధించి, పెద్దల ఎదుట నిలిచి సమర్థించుకోగలడని ఇచ్చే యోగ్యతాపత్రం అది. దానితో ఉద్యోగం దానంతటది వచ్చి ఒళ్ళో పడదు. చంద్రశేఖర్ ట్రినిటీ ఫెలోషిప్పుకు దరఖాస్తు పెట్టుకొన్నాడు. అవకాశం తక్కువని ఫౌలరే చెప్పినాడు. ఆశ వదలుకొని ఆక్స్‌ఫర్డుకు పోవడానికి సామాను సర్దుకొన్నాడు. పోతూపోతూ కళాశాల వద్ద ఆగి చూస్తే జాబితాలో తన పేరున్నది. రామానుజన్ తరువాత ఆ గౌరవం పొందిన భారతీయుడు అతడే. నాలుగేండ్లు నిశ్చింత.

ఆ నిశ్చింతలో పాత లెక్కను మరల తీసినాడు. 1934లో రష్యా పోయినప్పుడు అంబార్త్‌సుమియన్ అనే యువశాస్త్రజ్ఞుడు, ఉజ్జాయింపులు విడిచి పూర్తి లెక్కలు చేయమని సలహా ఇచ్చినాడు. ఆ పనికి చేతితో త్రిప్పే లెక్కలయంత్రం కావలెను. దానిని సంపాదించిపెట్టినవాడు ఎడింగ్టనే. 1919 గ్రహణంలో ఐన్‌స్టీన్ సిద్ధాంతాన్ని పరీక్షించి చూపిన మహాపండితుడాయన. ఆయన వ్రాసిన నక్షత్రగర్భ గ్రంథమే చంద్రశేఖర్ కళాశాలలో వ్యాసపు పోటీ నెగ్గి కోరి తీసుకొన్న బహుమతి. ఆ నెలలలో ఎడింగ్టన్ తరచు భోజనానంతరం కుర్రవాని గదికి వచ్చి లెక్క ఎంతవరకు వచ్చినదో చూచిపోయేవాడు.

1935 జనవరి 11న లండనులో రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ సమావేశం. చంద్రశేఖర్ తన ఫలితాలు చదివినాడు. వెంటనే ఎడింగ్టన్ లేచినాడు. తానేమి మాటలాడబోవుచున్నాడో అంతకుముందు ఒక్కమాటైనా చెప్పలేదు. ఈ లెక్కే నిజమైతే పెద్ద నక్షత్రం క్రుంగి క్రుంగి, తుదకు తన వెలుతురును కూడ బయటికి పోనీయని స్థితికి వస్తుందనీ, నక్షత్రం అంత అసంగతంగా ప్రవర్తించకుండ ఆపే నియమమేదో ప్రకృతిలో ఉండితీరవలెననీ, సాపేక్షతను క్వాంటం సిద్ధాంతంతో కలిపిన పద్ధతే తప్పనీ అన్నాడు. ఆయన మాటల చమత్కారానికి సభ నవ్వినది. ఇరువదినాలుగేండ్ల యువకునికి బదులు చెప్పే సందు దొరకలేదు.

కృష్ణబిలాన్ని మాటలలో అంత స్పష్టంగా చిత్రించి, అటువంటిది ఉండదని త్రోసివేయడం శాస్త్రచరిత్రలోని వింతలలో ఒకటి. చంద్రశేఖర్ కోపెన్‌హాగెన్‌లోని మిత్రుడు రోజెన్‌ఫెల్డ్‌కు ఉత్తరాలు వ్రాసినాడు. బోర్, పౌలీ వంటి దిగ్దంతులకు చంద్రశేఖర్ పద్ధతిలో తప్పు కనబడలేదు. కాని ఆ మాట అచ్చులో ప్రకటించడానికి ఎవరూ ముందుకు రాలేదు. అదే యేడు పారిస్ మహాసభలో ఎడింగ్టన్ మరల ఖండించినాడు. అక్కడ కూడ కుర్రవానికి సమాధానం చెప్పే అవకాశమివ్వలేదు. ఎడింగ్టన్ పలుకుబడి ఎంతో, పరాయిదేశపు విద్యార్థి నిస్సహాయత ఎంతో, విడదీసి చెప్పడం కష్టం. కాని ఎరిగినవారి మౌనమే ఎడింగ్టన్ ఖండనకంటె ఎక్కువ హాని చేసినదని నా అభిప్రాయం.

అతనిముందు రెండు దారులున్నవి. జీవితమంతా ఒక్క వాదాన్ని పట్టుకొని పోరాడడం ఒకటి. లోకం తెలుసుకొన్నప్పుడే తెలుసుకొంటుందని విడిచి, వేరొక సమస్యకు పోవడం రెండవది. అతడు రెండవదారి పట్టినాడు. పట్టేముందు మాత్రం, తాను చేసినదంతా ఒక పుస్తకంలో వివరంగా వ్రాసిపెట్టినాడు. నక్షత్ర నిర్మాణంమీద ఆ గ్రంథం 1939లో వెలువడినది. అంతటితో ఆ విషయం మూసివేసినాడు. ఎడింగ్టన్‌తో స్నేహం మాత్రం మూసివేయలేదు. ఇద్దరి మధ్య ఉత్తరాలు నడిచినవి. 1982లో ఎడింగ్టన్ శతజయంతికి ట్రినిటీలో ప్రసంగించినప్పుడు, ఆయనను తన కాలపు అగ్రగణ్యుడుగానే కీర్తించినాడు.

ఉద్యోగం సంగతి మిగిలి ఉన్నది. 1936 సెప్టెంబరులో, ప్రెసిడెన్సీ కళాశాలలో తనవలెనే భౌతికశాస్త్రం చదివిన లలితను మద్రాసులో వివాహమాడినాడు. 1937 జనవరిలో ఇరువురూ అమెరికాలో, చికాగో విశ్వవిద్యాలయానికి చెందిన యెర్క్స్ వేధశాలకు చేరినారు. కొడుకు స్వదేశానికి వచ్చి స్థిరపడవలెనని తండ్రి కోరిక, అది నెరవేరలేదు. అక్కడ కూడ అన్నీ పూలబాటలు కావు. నల్లనివాడు పట్నంలోని ప్రధాన ఆవరణలో పాఠం చెప్పడానికి వీలులేదని ఒక డీను అడ్డుపెట్టినాడు; విశ్వవిద్యాలయాధ్యక్షుడు హచిన్స్ ఆ అభ్యంతరాన్ని త్రోసిపుచ్చి చెప్పించినాడు. ఆ విశ్వవిద్యాలయంలోనే తుదివరకు ఉన్నాడు. సుమారు యాభైమంది అతని వద్ద డాక్టరేటు పూర్తిచేసినారు. 1952నుండి 1971వరకు, తన మొదటి అవధి వ్యాసం వెలువడిన ఆస్ట్రోఫిజికల్ జర్నల్‌కే సంపాదకుడు.

అతని పద్ధతి కూడ విచిత్రమైనదే. ఒక శాఖలోకి దిగి, కొన్నేండ్లు అందులో మునిగి, తుదకు పెద్ద గ్రంథం వ్రాసి లేచిపోయేవాడు. తారాసమూహాల చలనం, కాంతి ప్రసరణం, ప్రవాహాల నిలుకడ, చివరకు కృష్ణబిలాల గణితం. ఈ చివరి పుస్తకం 1983లో వచ్చినది. ఆ యేడే నోబెల్ బహుమానాన్ని విలియం ఫౌలర్‌తో పంచుకొన్నాడు. ఈ ఫౌలర్ వేరు, కేంబ్రిడ్జి గురువు వేరు. ఓడప్రయాణానికీ బహుమానానికీ నడుమ 53 ఏండ్లు. ఈలోగా 1967లో పల్సారులు కనబడినవి. హద్దు దాటిన నక్షత్రాలు న్యూట్రాను తారలుగానో, కృష్ణబిలాలుగానో పరిణమిస్తవని లోకం అంగీకరించినది.

1995 ఆగస్టు 21న చికాగోలో చంద్రశేఖర్ మరణించినాడు. 1999 జూలైలో అమెరికా అంతరిక్ష సంస్థ ఒక ఎక్స్‌కిరణ దుర్భిణిని ఆకాశానికి పంపి, దానికి ‘చంద్ర’ అని ఆయన పేరే పెట్టినది. ఆ దుర్భిణి తొలినాళ్ళలోనే లుబ్ధకాన్ని చిత్రించినది. మన కంటికి మిరుమిట్లుగొలిపే ఆ పెద్ద నక్షత్రం అందులో మసకగా ఉన్నది; ప్రక్కనున్న చిన్న శ్వేతకుబ్జమే దానికంటె ఎక్కువగా మెరుస్తున్నది.